ఒంటికొస్తే ఆగదు

మూత్రాశయం ఊరికే తొందరపెడుతుంటే వేసుకోవడానికి మాత్రలున్నాయి. పనిచేస్తాయి కూడా. బీపీ, షుగరు, కీళ్ల నొప్పుల బిళ్లల సరసన ఎవరూ ఏమీ అడక్కుండా ఇంకో బిళ్లగా వచ్చి చేరినప్పుడే చిక్కంతా.

పెళ్లికి వెళ్తే ముందు కల్యాణ మండపంలో బాత్‌రూం ఏ మూలనుందో కనుక్కునేవాళ్లు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. అమలాపురం నుంచి రాజమండ్రికి బస్సెక్కాలంటే పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు తాగరు. సఖినేటిపల్లి రేవులో పంటు అవతలి ఒడ్డునుందని తెలిస్తే నరసాపురం ప్రయాణమే మానుకుంటారు. సినిమాకి వెళ్తే వరసలో చివరి కుర్చీ కావాలి. గుడికి వెళ్తే పదకొండు ప్రదక్షిణలు మొక్కుకుని మూడింటితో సరిపెడతారు. ఇంటికొచ్చి తాళంచెవి తిప్పుతుండగానే ఇక ఆగదు. తలుపు తెరుచుకునేలోపు చీర తడిసిపోతుంది. పెరట్లో కుళాయి చప్పుడు విన్నా అంతే.

కోడలు గమనిస్తుంది. “అత్తయ్యా, షుగరేమో ఓసారి చూపించుకుందాం రండి” అంటుంది. పరీక్ష చేయిస్తే షుగరుండదు, ఉన్నా అదుపులోనే ఉంటుంది. ఇన్ఫెక్షనూ ఉండదు. “ఏం లేదండి, వయసు” అని పంపించేస్తారు. ఒంటికి వేడి చేసిందని పక్కింటావిడ బార్లీ నీళ్లు కాచి తెస్తుంది. అసలే ఆగని మనిషి, పెద్ద గ్లాసుడు బార్లీ నీళ్లు తాగి రాత్రంతా గదికీ బాత్‌రూముకీ మధ్య తిరుగుతుంది.

ఇన్ఫెక్షన్ లేకుండా, రాయి లేకుండా, మరో జబ్బేదీ కారణంగా కనిపించకుండా, ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర రావడాన్ని ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటున్నారు. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో దీనికి లక్షణాలు స్థిరపరిచింది. ముఖ్యమైనది తొందర. దాంతోపాటు పగలు మాటిమాటికీ వెళ్లడం, రాత్రి లేవడం ఉంటాయి. కొందరికి దారిలోనే పడిపోతుంది, కొందరికి పడదు. 2006లో వెలువడిన ఐదు దేశాల సర్వేలో కెనడా, జర్మనీ, ఇటలీ, స్వీడన్, బ్రిటన్‌లలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో నూటికి దాదాపు 12 మందికి ఇది ఉందని లెక్క తేలింది. మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ ఇంచుమించు సమానం. ఇది ఆడవాళ్ల జబ్బని అనుకోవడం, మగవాళ్లకు వస్తే ప్రొస్టేటేనని తీర్మానించేయడం రెండూ పొరపాట్లే.

లస్కరు లేకుండా లేచే తలుపు

మూత్రాశయం ఓ కండరపు తిత్తి. పెద్దవాళ్లలో 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. మూత్రపిండాలు రోజంతా చుక్కచుక్కగా పంపుతుంటే ఆ కండరం వదులై, సాగుతూ పట్టి ఉంచుతుంది. కొంత నిండాక మెదడుకు కబురు వెళ్తుంది. ‘ఇప్పుడు కాదు’ అని మెదడు అంటే ఆగుతుంది. డెల్టాలో కాలవ తూము తలుపు లస్కరు వచ్చి ఎత్తితేనే లేవాలి. లస్కరు ఇంట్లో నిద్రపోతుండగా అది తనంతట తనే లేస్తే ఎలా ఉంటుందో ఈ జబ్బూ అలాంటిదే: తిత్తి సరిగ్గా నిండకముందే కండరం బిగుసుకుంటుంది, మెదడు వద్దన్నా వినదు.

తిత్తి నిండుతోందన్న కబురు ఎలా వెళ్తుందో తెలియడానికి చాలా కాలం పట్టింది. గోడ సాగినప్పుడు లోపలి పొర ఏటీపీ అనే పదార్థాన్ని వదులుతుందని 1997లో కుందేళ్ల మూత్రాశయం మీద చేసిన ప్రయోగం చూపింది. ఆ ఏటీపీ పక్కనున్న నరాల కొసల్ని తాకుతుంది. దాన్ని అందుకునే గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో మూత్రాశయం మందకొడిగా తయారైందని 2000లో మరో బృందం ప్రకటించింది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి వేరుచేసినవాడు మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, రాజమండ్రి బడిలో చదువు సరిగ్గా సాగక ఇబ్బందులు పడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. అది కండరానికి శక్తినిచ్చే సరుకని మాత్రమే అప్పట్లో తెలుసు. నరాల మధ్య కబుర్లు కూడా మోస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అంటే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. అప్పటికి సుబ్బారావు పోయి ఇరవై నాలుగేళ్లు. బోదకాలు నివారణకని మన జిల్లాల్లో ఏళ్ల తరబడి ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం చేతుల మీదుగా వచ్చిందే. విగ్రహాలు పెట్టుకున్నాం గానీ, ఆయన పని మన పొత్తికడుపు దాకా వచ్చిందని పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఉమ్మెత్త చుట్టాలు

కబురు అందాక కండరం బిగుసుకోవాలంటే మరో పదార్థం కావాలి, ఎసిటైల్‌కోలిన్. నరం కొస నుంచి వచ్చి కండరం మీదున్న ఎం3 గ్రాహకాన్ని తాకితే తిత్తి ముడుచుకుంటుంది. దానికి అడ్డుపడితే తొందర నెమ్మదిస్తుంది. పాత తరం మాత్రలన్నీ చేసేది ఇదే.

ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడే సరుకు మన చేలగట్ల మీద ఉచితంగా పెరుగుతుంది. ఉమ్మెత్త. అది తిన్నవాడికి నోరు పిడచకట్టుకుపోతుంది, చూపు మసకబారుతుంది, మూత్రం బిగుస్తుంది, మతి తప్పుతుంది. ఆయాసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే ఇంగ్లండుకు చేరింది. ఉమ్మెత్తలోని విషాలే అట్రోపిన్ కుటుంబం. ఆ పనినే పొత్తికడుపు మీదకు మళ్లించి, మిగతా ఒంటి మీద వీలైనంత తగ్గించాలని రసాయన శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా పెనుగులాడుతున్నారు. ఆక్సీబ్యుటినిన్‌కు అమెరికాలో 1975లో అనుమతి వచ్చింది. టాల్టెరోడిన్‌కు 1998లో, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్‌లకు 2004లో. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేవాటిలో సోలిఫెనాసిన్ ఒకటి: రోజుకొకటి, మొదట 5 మిల్లీగ్రాములు, చాలకపోతే 10. ఫ్లావోక్సేట్ అనే పాతకాపు కూడా చీటీల మీద ఇంకా కనిపిస్తుంటుంది.

ఈ లెక్కన మాత్రల వల్ల వచ్చే ఇబ్బందుల్ని వేరే బట్టీ పట్టక్కర్లేదు. ఉమ్మెత్త లక్షణాలే పలచబడి వస్తాయి. నోరెండుతుంది. విరేచనం బిగుస్తుంది. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతాయి. వీటన్నిటిలోనూ నోరెండటమే ఎక్కువమందిని మాత్ర మానిపిస్తుంది. అందులో ఓ తమాషా కూడా ఉంది. బిళ్ల వేసుకుంటే నోరెండుతుంది, నోరెండితే నీళ్లు తాగుతారు, తాగితే మళ్లీ వెళ్లాల్సొస్తుంది, దాంతో బిళ్ల పనిచేయలేదంటారు. గుక్కలు గుక్కలుగా కాక నోరు తడిసేంత తాగాలని, సోంపో లవంగమో చప్పరించాలని చీటీ రాసేటప్పుడే చెబితే సగం గొడవ తీరుతుంది. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పేగు నిండితే పక్కనే ఉన్న తిత్తి మీద ఒత్తిడి పడి, ఏ జబ్బుకని మందేసుకున్నామో అదే పెరుగుతుంది. తోటకూర, గోంగూర, తొక్కతో తినే పళ్లు, చాలకపోతే డాక్టరు చెప్పే విరేచనం మందు, ఇవన్నీ ఈ చికిత్సలో భాగమే.

గోదావరి జిల్లాల్లో ఆస్పత్రి ఓపీ చీటీ వారమో పది రోజులో చెల్లుతుంది. ఆలోపు గుణం కనిపించకపోతే డాక్టర్ని మార్చడం మనకు అలవాటు. రాజమండ్రి దానవాయిపేటలో బోర్డుకీ బోర్డుకీ మధ్య నాలుగడుగులే దూరం కాబట్టి అదేం కష్టం కూడా కాదు. కానీ ఈ మాత్రలకు ఆ లెక్క పనికిరాదు. కొంచెం తేడా వారం రెండు వారాల్లో తెలిసినా, పూర్తి గుణం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ ఓపిక మనకే లేదనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో మందుల చీటీల రికార్డులు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి సోలిఫెనాసిన్ ఇంకా వాడుతున్నవాళ్లు నూటికి 35 మందే. మిగతా మందుల్లో అంతకంటే తక్కువ, ఫ్లావోక్సేట్‌లో 14.

ఎంత తగ్గుతుంది?

ఇది ఎవరూ సూటిగా చెప్పరు. రోజుకు పదకొండు, పన్నెండు సార్లు వెళ్లేవాళ్ల మీద యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ చేసిన ఓ పెద్ద పరీక్షలో, పన్నెండు వారాల తర్వాత మిరాబెగ్రాన్ 50 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లకు రోజుకు సగటున 1.9 సార్లు తగ్గింది. టాల్టెరోడిన్ వేసుకున్నవాళ్లకు 1.6. మందే లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా 1.3 తగ్గింది! అంటే మాత్ర ఒక్కటే తెచ్చే లాభం కాగితం మీద చిన్నదే. అలాగని తీసిపారేయడానికి లేదు. సగటు సగటే, కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి అసలు తగ్గదు. రాత్రి నాలుగుసార్లు లేచేవాళ్లకు రెండుసార్లయితే నిద్ర దొరుకుతుంది, చీకట్లో కాలు జారి తుంటి విరిగే ప్రమాదం తగ్గుతుంది. కానీ ‘ఒక్క బిళ్లతో సరి’ అని ఆశపడ్డవాళ్లకు నిరాశ తప్పదు. ఉత్తుత్తి మాత్రతోనే అంత తగ్గడానికి ఓ కారణం, ఆ పరీక్షల్లో చేరినవాళ్లు ఎప్పుడెప్పుడు వెళ్లిందీ కాగితం మీద రాసుకోవాల్సి రావడమే. రాసుకుంటున్నామంటేనే మనిషి కాస్త ఆగుతాడు.

ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది అమెరికాలో 1998లో అచ్చయిన బర్జియో బృందం అధ్యయనం. 55 నుంచి 92 ఏళ్ల మధ్య వయసున్న 197 మంది మహిళల్ని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు అడుగు కండరాల్ని బిగించి తొందరని అణచుకునే సాధన, ఒక జట్టుకు ఆక్సీబ్యుటినిన్, మూడో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. బట్ట తడిసే సందర్భాలు సాధన చేసినవాళ్లలో నూటికి 80 వంతులు తగ్గాయి. మందు వేసుకున్నవాళ్లలో 68, ఉత్తుత్తి మాత్రలో 39. సాధన మందుని ఓడించింది.

మతిమరుపు సంగతి

అరవై అయిదు దాటినవాళ్లకు ఉమ్మెత్త చుట్టాల మందు రాయబోయే ముందు ఈ రోజుల్లో డాక్టర్లు ఎందుకు ఆలోచిస్తున్నారంటే, 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 3,434 మంది వృద్ధుల్ని సగటున ఏడేళ్లకు పైగా గమనించి ఓ లెక్క చెప్పారు. ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడే మందుల్ని ఎక్కువ మోతాదులో, ఎక్కువకాలం వాడినవాళ్లలో డిమెన్షియా ముప్పు, అసలు వాడనివాళ్లకంటే 54 శాతం ఎక్కువ. ఎక్కువకాలమంటే రోజూ ఆక్సీబ్యుటినిన్ 5 మిల్లీగ్రాములు మూడేళ్లకు పైగా వేసుకోవడంతో సమానం. మందే కారణమని ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. మతిమరుపు మొదలవుతున్నవాళ్లకే ముందుగా మూత్రం తొందర వచ్చి, అందుకని మందు వాడి ఉండొచ్చు కూడా. అయినా డెబ్భై అయిదేళ్ల ముసలాయనకు ఇంకో దారి ఉన్నప్పుడు ఈ దారి ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే.

ఆ ఇంకో దారి మిరాబెగ్రాన్. జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో వచ్చింది. ఇది ఎసిటైల్‌కోలిన్ జోలికి పోదు. తిత్తి నిండేటప్పుడు కండరాన్ని వదులు చేసే బీటా-3 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. నోరెండటం చాలా తక్కువ. దీని పేచీ బీపీతో. రక్తపోటు 180/110 దాటి అదుపులో లేనివాళ్లు వాడకూడదు; మిగతావాళ్లు మొదలుపెట్టాక అప్పుడప్పుడూ చూపించుకోవాలి. బీపీకీ గుండెకీ వాడే మెటోప్రొలాల్‌ను ఇది ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది కాబట్టి ఆ సంగతి డాక్టరు చెవిన వేయాలి. ఇదే వర్గంలో వైబెగ్రాన్ 2018లో జపాన్‌లో, 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చింది. దానికి బీపీ పేచీ తక్కువ.

ఇంకో మాట. మిరాబెగ్రాన్ మాత్రలోని మందు గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. మన పెద్దవాళ్లకు మాత్రని కత్తిపీట మీద పెట్టి సగం చేయడం, మింగలేకపోతే చెంచాలో నలిపి తేనెతో నాకడం అలవాటు. ఈ మాత్రని విరవకూడదు, నమలకూడదు. రోజంతా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది.

పూతరేకుల పెట్టెలో ఏముంది

డెల్టాలో అరవై దాటినవాళ్లున్న ఇంట్లో మందులు ఎక్కడ పెడతారని అడిగితే చాలాచోట్ల ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె వస్తుంది. మూత తీస్తే సగం వాడిన అట్టలు, రబ్బరు బ్యాండు వేసిన చీటీలు, పేరు చిరిగిపోయిన ఓ అట్ట. మూత్రానికి కొత్త బిళ్ల రాసే ముందు ఎవరైనా ఆ పెట్టెని బల్ల మీద బోర్లిస్తే, చాలామందికి ఆ కొత్త బిళ్ల అవసరమే రాకపోవచ్చు.

షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్ ఉంటుంది. 2020లో మన దేశంలో పేటెంటు తీరాక ధర పడిపోయి ఊరూరా చేరిన మందు. గుండెకీ మూత్రపిండాలకీ మేలు చేసే మంచి మందే. కానీ అది పనిచేసేదే ఒంట్లోని షుగరుని మూత్రంలోకి నెట్టేసి. షుగరు వెంట నీళ్లూ పోతాయి. కొందరికి కింద ఫంగస్ దురద పట్టి మంట, తొందర రెండూ మొదలవుతాయి. బీపీ బిళ్లలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉందంటే అదీ మూత్రం తెప్పించేదే. దాన్ని రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటూ నిద్ర పట్టడంలేదని వాపోయేవాళ్లున్నారు. అలాంటివాళ్లు డాక్టర్నడిగి పొద్దుటికి మార్చుకుంటే చాలు. ఆమ్లోడిపిన్ కొందరికి కాళ్ల వాపు తెస్తుంది. పగలంతా పాదాల్లో దిగిన నీరు రాత్రి పడుకోగానే తిరిగి రక్తంలో చేరి మూత్రమై దిగుతుంది. ఇది తిత్తి దోషం కానే కాదు. సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తి పెట్టుకుంటే తగ్గే తంతుకు రోజూ మాత్ర మింగడం దండగ.

ఆ పెట్టెలోనే అరికాళ్ల మంటలకని అమిట్రిప్టిలిన్, దురదలకని ఎవిల్ ఉంటాయి. ఈ రెండూ ఉమ్మెత్త చుట్టాలే. వీటికి సోలిఫెనాసిన్ కలిస్తే మూడు మందుల భారం ఒకే మెదడు మీద పడుతుంది. పెద్దాయన రాత్రిళ్లు పొంతన లేకుండా మాట్లాడుతున్నారని ఇంట్లోవాళ్లు కంగారుపడి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆ డాక్టరు మతిమరుపుకి డొనెపెజిల్ రాస్తే, అది ఎసిటైల్‌కోలిన్‌ని పెంచే మందు కాబట్టి మూత్రం తొందర మళ్లీ హెచ్చుతుంది. ఒక బిళ్ల తగ్గిస్తుంటే ఇంకోటి పెంచుతూ ఉంటుంది, మధ్యలో ముసలాయన. మందుల పేర్లు చెప్పడం రాకపోతే సిగ్గుపడక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అట్టపెట్టెని అట్టపెట్టెగానే తీసుకెళ్తే సరి.

షాపులో అడిగి కొనేవాళ్లు

“ఏవండీ, ఒంటికి మాటిమాటికీ వెళ్లకుండా ఏదన్నా బిళ్లుందాండీ?”

“ఎవరికండీ?”

“మా నాన్నగారికండి. రాత్రుళ్లు అయిదారు సార్లు లేస్తన్నారు.”

మెడికల్ షాపు అద్దాల బల్ల దగ్గర ఈ మాట వినపడని ఊరుండదు. ఇవన్నీ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. అమ్మకూడదన్నది చట్టం మాట. ఎందుకన్నది నాన్నగారి పొత్తికడుపు చెబుతుంది. ప్రొస్టేట్ గ్రంథి పెరిగి దారి బిగుసుకుపోయిన మనిషికి తిత్తి పూర్తిగా ఖాళీ అవదు. సగం నిండుగానే ఉండిపోయి మాటిమాటికీ కొంచెం కొంచెం వస్తుంటుంది. పైకి చూస్తే ఇదీ, తిత్తి తొందరా ఒకేలా ఉంటాయి. అసలే కష్టంగా తోస్తున్న కండరాన్ని మాత్రతో ఇంకా నెమ్మదింపజేస్తే మూత్రం పూర్తిగా బంద్ కావచ్చు. ఆ తర్వాత జరిగేది అర్ధరాత్రి ఆటో, కాజువాల్టీ, గొట్టం. అందుకే ముందు చిన్న స్కానింగ్‌లో, మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో చూస్తారు. కాకినాడ జనరల్ ఆస్పత్రిలోనైనా, రాజానగరంలో జీఎస్ఎల్‌లోనైనా నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. ప్రొస్టేట్‌కి మందు వాడుతూ తొందర మిగిలిపోయినవాళ్లకు, లోపల ఎక్కువ మిగలడం లేదని తేలాక, ఈ మాత్రని జతచేయడం మామూలే. కంట్లో కోణం ఇరుకైన రకం నీటికాసులున్నవాళ్లు పాత తరం మాత్రలు వేసుకుంటే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదముంది. ఆ మాటా అడగాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రల ప్రసక్తే వద్దు, ముందు పరీక్షలు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో గందరగోళం. దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా చుక్కలు పడటం వేరే జబ్బు. అది కింది కండరాలు బలహీనపడి వచ్చేది, ఈ మాత్రలు దానికి పనిచేయవు. వ్యాయామమో ఆపరేషనో కావాలి. తొందరా చుక్కలూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. “ఎప్పుడు పడుతుందమ్మా?” అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోయే సంగతి ఇది. దాన్ని అడగరు, అడిగినా ఆడమనిషి మగ డాక్టరు ముందు తలొంచుకుని “ఏమోనండి” అంటుంది. గర్భసంచి తీయించేసుకుంటే ఇవన్నీ పోతాయన్న నమ్మకం మన దగ్గర బాగా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది, దేశంలోకెల్లా ఎక్కువ. గర్భసంచి ఉన్నా లేకపోయినా తిత్తి తొందర తిత్తిదే. ముట్లుడిగాక లోపలి పొర పలచబడి తొందరపెడుతుంటే, డాక్టరు సలహాతో లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము కొందరికి బాగా పనిచేస్తుంది. అది అడిగేవాళ్లు తక్కువ, రాసేవాళ్లూ తక్కువే.

సార్వా నాట్లకో దాళ్వా నాట్లకో వంగిన ఆడవాళ్లు, కడియం నర్సరీల్లో కుండీలు మోసేవాళ్లు, బడిలో ఆరు పీరియడ్లు నిలబడే టీచరమ్మలు నీళ్లు మానేసే బతుకుతున్నారు. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి తిత్తిని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. వాళ్లకు కావాల్సింది మాత్ర కంటే ముందు గట్టుకు దగ్గర్లో తలుపున్న మరుగుదొడ్డి. అది ఏ డాక్టరూ చీటీ మీద రాయలేడు.

మూడు రోజుల కాగితం

మందు మొదలుపెట్టే ముందు చేయాల్సిన పనికి ఖర్చు లేదు. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్‌రూంలో పెట్టుకుని, మూడు రోజులు ఎప్పుడు వెళ్లారో, ఎంత వచ్చిందో, ఏం తాగారో, ఎప్పుడు ఆగలేదో ఓ కాగితం మీద రాయాలి. టీలు ఎన్నో అప్పుడు తెలుస్తాయి. పొద్దున్న లేవగానే ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, ఎవరొచ్చినా ఒకటి. మన ఇళ్లలో మర్యాద అంతా టీ కప్పుతోనే నడుస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ తొందరను పెంచుతుంది. రోజు మొత్తం మూత్రం మూడు లీటర్లు దాటుతుంటే తిత్తిని అనేముందు మంచినీళ్ల బాటిల్నీ షుగరునీ చూడాలి. ఒక్కోసారీ వచ్చేది వంద, నూట ఇరవై మిల్లీలీటర్లేనైతే అప్పుడు మాత్రకు పని ఉన్నట్టు.

తొందర తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకూడదు. పరుగెత్తితే పడుతుంది. ఉన్నచోటే ఆగి, వీలైతే కూర్చుని, మూత్రం మధ్యలో ఆపేటప్పుడు బిగించే కండరాన్ని అయిదారుసార్లు గబగబా బిగించి వదలాలి. ఆ అల దిగిపోయాక నెమ్మదిగా నడిచి వెళ్లాలి. మొదట్లో నిమిషం ఆగినా గొప్పే. వారానికి పావుగంట చొప్పున ఎడం పెంచుకుంటూ పోతే తిత్తి మళ్లీ మాట వినడం మొదలెడుతుంది. మాత్ర వేసుకుంటూ ఇది చేస్తే సాధన తేలికవుతుంది. నా దృష్టిలో మాత్రకున్న అసలు ఉపయోగం ఇదే.

ఇవేవీ పనిచేయనివాళ్లకు మూత్రాశయం గోడలో బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. 100 యూనిట్లు, నెలల తరబడి పనిచేస్తాయి, వందలో ఆరుగురికి కొంతకాలం గొట్టం అవసరం పడొచ్చు. చీలమండ దగ్గర నరానికి వారానికోసారి అరగంట చొప్పున పన్నెండు వారాలు సన్నని కరెంటు పెట్టే పద్ధతి ఒకటి, నడుములో చిన్న యంత్రం అమర్చేది మరొకటి. ముందు సాధన, తర్వాత మాత్ర, ఆ తర్వాతే ఇవి అన్న మెట్ల వరసని అమెరికా యూరాలజీ సంఘం 2024 మార్గదర్శకాల్లో సడలించింది. మనిషికేది నప్పితే అది, డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోమంది. కలిసి తేల్చుకోవడానికి కాసేపు కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు దొరకాలి మరి. ఓపీలో నలభై మంది బయట కూర్చుని ఉంటే అది అంత సులువు కాదు.

ఈ మాత్రని బీపీ మందులా జన్మంతా మింగాల్సిందేనని రూలేమీ లేదు. ఎనిమిది వారాలకు ఓసారి చూపించుకోవాలి. తేడా లేకపోతే మోతాదో మందో మారుస్తారు. రెండు వర్గాల మందుల్ని కలిపి ఇచ్చేదీ ఉంది. బాగా తగ్గి, సాధనా కుదిరితే ఆరు నెలలకో ఏడాదికో డాక్టరుతో చెప్పి ఆపి చూడొచ్చు. ఆపాక మళ్లీ మూడు రోజులు మగ్గుతో కొలిచి, పాత కాగితం పక్కన పెట్టి చూసుకోవాలి. కొందరికి తిరగబెడుతుంది, మళ్లీ మొదలుపెడతారు. కొందరికి అవసరం పడదు. వృద్ధుల విషయంలో మాత్రం ఏటా ఒక్కసారైనా ‘ఈ బిళ్ల ఇంకా ఉండాలా?’ అని అడగాల్సింది ఇంట్లో మందులు అందించేవాళ్లే. కొడుకు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు బీపీ ఎంతుందని అడిగినట్టే, “నాన్నా, రాత్రి ఎన్నిసార్లు లేచారు?” అని కూడా అడగొచ్చు.